పూస లేని చందువ

పోలమ్మ కత్తిపీట దగ్గరికి తేగానే మూడో చేప కూడా మాట్లాడింది. "నేను ఆరో తరగతి దానేశ్వరి చేపను. నా పొడుగు కొలిచి, బడికి చెప్పి, నన్ను సముద్రంలో వదలండి."

"కొలుత్తాను, మీ బడినే కొలుత్తాను," అంటూ పోలమ్మ దాన్ని నీళ్ల బక్కెట్టులో పడేసింది. సముద్ర పాఠమని బడిలో ప్రతి పిల్లకీ పది చేపలు ఇచ్చారు. ఒక్కోదాని మొప్ప పక్కన ఒక మాట్లాడే పూస గుచ్చి సముద్రంలో వదిలారు. వల్లో పడేవన్నీ అవే, చేపల వేటకెళ్లే ఇంట్లో నెల రోజులుగా పప్పే.

నాలుగోది చందువ. అది నోరెత్తలేదు. పోలమ్మ తిప్పి చూస్తే మొప్ప పక్కన చిన్న చిల్లుంది.

"దీని పూసేదే?"

కూతురు సింధూజ బడి పుస్తకంలోంచి తలెత్తలేదు.

"అది నా చేపేనమ్మా. పూస ఇందాకే నానే పీకేసినాను. సొర తినీసిందని రాసేత్తన్నాను, నువ్వు పులుసెట్టు."