బుసబుసలాడిన ద్రాక్షరసం

నోటితో చెప్పబోతే నవ్వొచ్చి మాట ఆగిపోతోంది, అందుకే కలం పట్టాను.

మా మెథడిస్టు చర్చిలో ప్రభురాత్రి భోజనానికి వైన్ వాడరు, పులియని ద్రాక్షరసమే. అమెరికాలో, ఐయోవా రాష్ట్రంలోని మా ఊళ్లో ఆ రసం కాచి సీసాల్లో నింపేది నేనే.

శనివారం మధ్యాహ్నం మా అమ్మాయి బ్రిన్ కాలేజీకి సామాను సర్దుకుంటోంది. తాగుడు గురించి దానితో మాట్లాడాలి. ముందు గొంతు తడుపుకుందామని నేలమాళిగలోంచి ఒక సీసా తెచ్చుకుని రెండు గ్లాసులు తాగాను. కాస్త బుసబుసలాడింది, బాగుంది. మూడోదీ తాగాను.

"బ్రిన్, కూర్చో. మద్యం అనేది..." అన్నాను. తర్వాతి మాట గుర్తు రాలేదు. కుర్చీ తగిలితే దానికి క్షమాపణ చెప్పి, కీర్తన ఎత్తుకున్నాను.

బ్రిన్ సీసా వాసన చూసింది. "అమ్మా! ఇది పులిసిపోయింది. నీకు ఎక్కేసింది!"

"నాకా? యాభై ఏళ్లలో చుక్క ముట్టలేదే! పద, మిగతా సీసాలు చర్చికి ఇచ్చొద్దాం," అంటూ కారు తాళాలు అందుకున్నాను.

తాళాలు లాక్కుంది. నీళ్లు తాగించి, సోఫాలో పక్కకు తిప్పి పడుకోబెట్టి, చెయ్యి పట్టుకుని కూర్చుంది. "తాగి బండెక్కకూడదు. ఒంటరిగా ఉండకూడదు. ఏ వేళైనా నాకు ఫోన్ చెయ్యి. ముందు వస్తాను, తర్వాతే తిడతాను."

నేను చెప్పాలనుకున్నవి అచ్చం అవే మాటలు. "నీకెవరు చెప్పారే?"

"నువ్వే! వారం నుంచి బాత్రూంలో అద్దానికి చెబుతున్నావుగా. నాకు కంఠతా వచ్చేసింది."

ఈ కాగితం దాచండి. మా పాస్టరమ్మకు మాత్రం చూపకండి. పోయిన ఆదివారం చర్చికి ఇచ్చినవీ ఆ సీసాల్లోవే. ఆ రోజు అందరూ అంత హుషారుగా ఎందుకు పాడారా అని ఆవిడ ఇంకా మురిసిపోతోంది.