పసుపు రాసిన కూజా

దోమలకి మందులన్నీ అలవాటైపోయాక, ఇంటింటి గుమ్మానికీ కూజాలాంటి ఆకుల్లో నీళ్లు పట్టి ఉంచుకునే కూజా మొక్క వేలాడింది. వాటిలో రెండు జాతులున్నాయి. ఒకటి దోమల్ని తింటుంది. రెండోది తన నీళ్లలో దోమపిల్లల్ని సాకుతుంది. చూపుకి రెండూ ఒక్కలాగే ఉంటాయి. నర్సరీలవాళ్లు రెండూ కలిపి అంటగడితే, చెడ్డదాన్ని ఏరి పీకే చాకిరీ మునిసిపాలిటీ పనివాడు గవర్రాజుకి పడింది. కూజా అంచు మీద చీమని వదులుతాడు. జారిపడితే మంచిది, పైకెక్కొస్తే చెడ్డది.

మంగతాయారు ఇంట్లో చీమ దర్జాగా ఎక్కొచ్చేసింది.

"పీకేయకు బాబూ! వానలదాకా ఇంకోటి ఇవ్వరంట. పసిదానికి జ్వరం ఇప్పుడే తగ్గింది."

"నేనేం చేసేదమ్మా, చీమ చెప్పింది."

"చీమకున్న విలువ మనిషికి లేదన్నమాట! శుక్రవారం శుక్రవారం పసుపు రాసి దణ్ణం పెట్టుకుంటున్నానే దీనికి! మా వీధిలో అందరం అంతే."

గవర్రాజు చెయ్యి ఆగింది. అంచు తడిమితే ఎండిన పసుపు గరుగ్గా తగిలింది. తడిగుడ్డతో తుడిచి చీమని మళ్లీ వదిలాడు. అది సర్రున జారి నీళ్లలో పడింది.

"మొక్క మంచిదేనమ్మా. పసుపు మానెయ్యండి," అన్నాడు నీరసంగా.

"చూశావా, తల్లి మహిమ!" అంటూ ఆవిడ చెంపలేసుకుంది.

అతను బయటికొచ్చాడు. పొద్దుట్నుంచీ ఆ వీధిలో పీకిన మొక్కలు తోపుడుబండి నిండా ఎండకి వాడిపోతున్నాయి. ప్రతి కూజా మూతికీ పసుపే.