మనం గెలిచామా?

మైదానంలోకి వెళ్లే దారిలో గోడ మీద ఓ ఫొటో ఉంది.

గాల్లోకి లేచిన మనిషి. తలకు కట్టు, దాని మీద నెత్తురు మరక. సగం ముఖం కట్టు కిందే దాగిపోయింది. కింద పేరు: ఇసోగాయ్. ముప్ఫై ఏళ్ల కిందట ఆ పగిలిన తలతోనే గోల్ కొట్టి, షియోహమా ఫుట్‌బాల్ జట్టును పై లీగుకు చేర్చాడు.

ప్రతి ఆటగాడూ ఆ ఫొటో ముందు వంగి, ఫ్రేమును తాకి మరీ లోపలికి వెళ్లాలి. అది ఆ జట్టు ఆనవాయితీ.

ఈ ఏడే వచ్చిన కోచ్ కురిమోతోకి అది తెగ నచ్చింది.

"మగాడంటే అలా ఉండాల్రా!" అనేవాడు.

ఈ రోజు గెలవకపోతే జట్టు కింది లీగుకి జారిపోతుంది.

ముప్ఫయ్యో నిమిషంలో జట్టు కుర్రాడు షుంపేయి తలకు ఎదుటివాడి మోకాలు తగిలింది. కాసేపు కదల్లేదు. జట్టు డాక్టర్ నగుమో పరుగెత్తాడు.

"ఎలా ఉందిరా?"

"బాగానే ఉంది డాక్టర్ గారూ."

ఆ మాట అనని ఆటగాడు జపాన్‌లో ఇంకా పుట్టలేదు.

డాక్టర్ కోచ్ దగ్గరికొచ్చాడు. "వాడు బాగుందంటున్నాడు. ఇక మీ ఇష్టం."

"నా ఇష్టమేంటండీ, డాక్టరు మీరు!"

"ఆడించేది మీరు కదా."

రిఫరీ గడియారం చూసుకున్నాడు. ఎవరికి వారే యమునా తీరే.

"కోచ్ గారూ, ఆ అబ్బాయిని తీసేయండి."

వెనక ఇనుప కంచె దగ్గర నుంచి ఓ పెద్దాయన. ప్రతి ఆటకీ వచ్చి అక్కడే నిలబడతాడు, చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంటూ. ఆట కళ్లారా చూసి కూడా చివర్లో "మనం గెలిచామా?" అని అడుగుతాడు. కుర్రాళ్లు పడీ పడీ నవ్వేవాళ్లు. పేరు మాత్రం ఎవరూ అడగలేదు.

"స్కోరెంతో అడగండి వాణ్ణి. పొద్దున ఏం తిన్నావని అడగొద్దు. రోజూ తినేదే, చెప్పేస్తాడు."

కురిమోతోకి ఒళ్లు మండింది. "మా గోడ మీద ఇసోగాయ్‌ని చూశారా? తల పగిలినా ఆడాడు. ఆయన్ని ఎవరైనా తీశారా?"

"తీయలేదు," అన్నాడు పెద్దాయన మెల్లగా.

"ఇంతకీ మీరెవరండీ నాకు చెప్పడానికి?"

ఆయన తడబడ్డాడు. గబగబా పుస్తకం తెరవబోయాడు. ఈలోగా కాపలావాడు వచ్చి రెక్క పట్టుకున్నాడు. పుస్తకం కింద పడింది. ఆయన్ని గేటు బయటికి పంపేశారు.

షుంపేయి ఆడాడు. ఎనభయ్యో నిమిషంలో తలతోనే గోల్ కొట్టాడు. ఆట ముగిసింది, జట్టు నిలిచింది, జనం వెర్రెత్తిపోయారు.

కురిమోతో పరుగున వెళ్లి వాణ్ణి కావలించుకున్నాడు.

"సాధించావురా నాయనా!"

షుంపేయి నవ్వాడు. "కోచ్ గారూ, మనం గెలిచామా?"

చుట్టూ ఉన్న కుర్రాళ్లు నవ్వబోయి ఆగిపోయారు. షుంపేయి నెమ్మదిగా మోకాళ్ల మీద కూలబడ్డాడు.

అంబులెన్సు వెళ్లిపోయింది. కురిమోతో భయంతో గేటు దాకా పరుగెత్తాడు. పెద్దాయన లేడు. వెనక్కొచ్చి కంచె కింద పడున్న పుస్తకం తీశాడు.

మొదటి పేజీలో పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఉంది: "నా పేరు ఇసోగాయ్, గోడ మీది ఫొటోలో ఉన్నది నేనేనట, ఆ గోల్ నాకు గుర్తు లేదు."