పదికి పదకొండు

సర్వే ఆఫీసులో అందరూ వెళ్లిపోయారు. నాకు ఇంకొక్క ఫోను మిగిలింది. అది అయిపోతే మా ఆయన బండి మీద వచ్చి తీసుకెళతారు. పొద్దున సరదాపడి నా జడ తనే అల్లారు. వంకరగా వచ్చింది. విప్పబుద్ధి కాక అలాగే వచ్చేశాను.

"మీరు ఎంత సంతోషంగా ఉన్నారు? పదికి ఎన్ని మార్కులు వేస్తారు?" అని అడిగాను.

అవతల ఒక పెద్దావిడ. "ముందు నీ సంగతి చెప్పమ్మా. గొంతులో నవ్వు దాగట్లేదు. కొత్త పెళ్లికూతురివా?"

అడిగేవాళ్లు తమ సంగతి చెప్పకూడదని మా రూలు. అయినా నా నోరు ఊరుకోలేదు. "నాకు పదికి పదకొండండీ."

హెడ్‌ఫోన్లో కాగితం మీద పెన్ను గీస్తున్న చప్పుడు వినిపించింది.

"ఏం రాస్తున్నావు?" అంది ఆవిడ.

"మేం రాయమండీ, కంప్యూటర్లో నొక్కుతాం. మీరు రాస్తున్నారనుకున్నా."

"నాకు చూపు లేదు తల్లీ." ఆవిడ గొంతు తగ్గించింది. "పెళ్లైన కొత్తలో ఇలాగే ఒకరడిగితే నేనూ పదికి పది అన్నాను. అప్పుడూ ఇదే చప్పుడు. ఆ రాత్రి మా ఆయన ఇంటికి రాలేదు. ఇంక రానేలేదు. మాట మార్చెయ్యి. సున్నా అని చెప్పు."

నేను హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాను. చప్పుడు ఆగలేదు. అది గదిలోనే ఉంది.

"సున్నా," అన్నాను గట్టిగా.

పెన్ను ఆగింది. నా కుర్చీ వెనక నుంచి ఒక మగగొంతు, మేం రోజంతా వాడే మర్యాదతోనే, "కారణం చెప్పగలరా?" అని అడిగింది.