ఏడో నంబర్ ఇల్లు

"సంతకం పెట్టావా లేదా?" ఫోన్లో కృష్ణమోహన్ తొందరపెట్టాడు.

రేణు స్టవ్ కట్టేసి చేతులు తుడుచుకుంది. "ఇప్పుడే మెయిల్ చూశానన్నయ్యా. దేనికిది?"

"ఏడో నంబర్ ఇల్లు. లీజ్ అయిపోతోంది. ఉన్నవాళ్ళని పంపించేసి కిచెన్ మార్పిస్తే నెలకి ఇంకో ఎనిమిది వందల డాలర్లు ఎక్కువొస్తుంది. మనందరి సంతకాలూ కావాలిట. నీకే ముందు పంపించా. ఇంటి ఆడపడుచువి, నీ చేత్తో మొదలుపెడితే కలిసొస్తుంది."

కృష్ణమోహన్ రేణుకి పెద్దన్నయ్య. వర్జీనియాలో హెర్న్‌డన్‌లో ఉంటాడు, అమెరికా సిటిజన్. కిందటేడు ముగ్గురు అన్నదమ్ములూ, చెల్లెలూ డబ్బు కలేసి ఫ్యామిలీ ఎల్ఎల్‌సీ అని ఒక కంపెనీ పెట్టారు. దాని పేరు మీద డాలస్ చుట్టుపక్కల పన్నెండు ఇళ్ళు ఒక్క గుత్తగా కొనేశారు. ఒక్క ఇల్లయినా ఎవరైనా చూశారా? లేదు. అద్దె వసూళ్ళన్నీ ఒక మేనేజ్‌మెంట్ కంపెనీ చూసుకుంటుంది. వీళ్ళకి తెలిసింది ఒకటి నుంచి పన్నెండు దాకా నంబర్లు, అంతే.

రేణుది ఇంకా హెచ్‌వన్‌బీ వీసా. పెట్టుబడి పెట్టుకోవచ్చు గానీ ఆ ఎల్ఎల్‌సీకి పని చేయకూడదన్నాడు లాయరు. కాగితం చదవడం కూడా పనికిందకే వస్తుందని అన్నాచెల్లెళ్ళు తేల్చేసుకున్నారు! పదమూడేళ్ళుగా గ్రీన్‌కార్డు క్యూలో నిలబడ్డవాళ్ళకి తాడు కూడా పామే మరి.

"ఆ ఇంట్లో ఎవరుంటున్నారో ఒకసారి చూడవా?" అన్నాడు గోపాల్, భార్య ఫోన్‌లోకి తొంగిచూస్తూ.

"చూస్తే మేనేజ్ చేసినట్టేట. రేపు వీసా స్టాంపింగ్‌లో అడిగితే మీరొచ్చి చెప్తారా?" అంటూ రేణు స్క్రీన్ మీద సంతకానికున్న పసుపుపచ్చ గడి నొక్కేసింది.

పాపం, ఆ ఇంట్లోవాళ్ళ మీద ఆవిడకేం కోపం లేదు. కోపమే ఉంటే కనీసం పేరైనా కనుక్కునేది.

నెల తిరక్కుండానే, డాలస్ పక్కన ఇర్వింగ్‌లో రేణు వాళ్ళుంటున్న అద్దె ఇంటి తలుపుకి కాగితం అంటించి వెళ్ళారు. లీజు పొడిగించరట. అరవై రోజుల్లో ఖాళీ చేయాలట. మూడేళ్ళుగా ఆ ఇంట్లో ఉంటున్నా ఓనరెవరో వాళ్ళకి తెలియదు. అద్దె ఆన్‌లైన్‌లో కట్టడమే తప్ప మొహం చూసింది లేదు.

కొడుకు ఈషాన్ అప్పుడే పన్నెండో క్లాసులోకొచ్చాడు. ఆ స్కూల్ జోన్‌లో మరో ఇల్లు దొరకలేదు. జోన్ దాటితే స్కూలు మారాలి.

"సీనియర్ ఇయర్‌లో న్యూ స్కూలా? ఐ యామ్ నాట్ గోయింగ్, అమ్మా!" వాడు గదిలోకెళ్ళి తలుపేసుకున్నాడు. రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

గోపాల్ ఆఫీసుకి సెలవు పెట్టి, తాము అద్దె కట్టే మేనేజ్‌మెంట్ కంపెనీకి వెళ్ళాడు. పిల్లాడి చదువయ్యే దాకా, మే నెలాఖరు వరకు ఉండనివ్వమని బతిమాలాడు. కౌంటర్లో అమ్మాయి నవ్వుతూనే, ఓనర్లని అడిగి చెప్తామంది.

రేణు అన్నకి ఫోన్ చేసింది. "పన్నెండిళ్ళున్నాయి పేరుకి! నేను పిల్లల్ని పెట్టుకుని రోడ్డున పడుతున్నాను. ఎక్కడున్నా సరే, ఒకటివ్వు అన్నయ్యా."

"అన్నిట్లోనూ జనం ఉన్నారే. ఖాళీ అయ్యేది ఆ ఏడోదొక్కటే. వాళ్ళేమో కదిలేట్టు లేరు. ఏవో కథలు చెప్పి టైమ్ అడుగుతున్నారట."

రేణుకి ఒళ్ళు మండిపోయింది. "ఒక్కరోజు కూడా ఇవ్వకు! ఎవరో మొండిఘటాల కోసం నా పిల్లలు అల్లాడాలా? వెళ్ళకపోతే కోర్టులో వెయ్యి."

"నాకూ మొహమాటంగా ఉండి ఆగా. నువ్వే అన్నాక ఇంకేముంది, వేయించేస్తా."

ఫోన్ పెట్టేశాక రేణుకి గుండె కాస్త కుదుటపడింది. ఆ ఇల్లు చేతికొస్తే ముందు తలదాచుకోవచ్చు, తర్వాత సంగతి తర్వాత అనుకుంది.

రెండు రోజులకి గోపాల్‌కి కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ఓనర్లు ఒప్పుకోలేదట.

అది చదివి రేణు భోరుమంది. "మనుషులా, రాక్షసులా! ఒక్క ఏడాది ఆగలేరా? ఆ ఓనర్ల పిల్లలు కూడా ఇలాగే నిలవనీడ లేక తిరగాలి! నా ఉసురు తగలకపోతే చూడండి!"

"ఛ, ఊరుకో. వాళ్ళ పిల్లలేం చేశారు? అంత మాటనకు."

"అంటాను! నూరుసార్లంటాను!"

అన్నది కూడా. దేవుడి గది ముందు నిలబడి, చిన్నది వేద బిక్కమొహం వేసుకుని చూస్తుండగా మళ్ళీ అంది.

గడువు దాటిపోయింది. ఎక్కడికెళ్ళాలో తోచక వాళ్ళు అక్కడే ఉండిపోయారు. వారం తర్వాత, పిల్లలు స్కూలుకి బయల్దేరే వేళకి యూనిఫామ్‌లో ఉన్న కానిస్టేబుల్ ఒకాయన తలుపు తట్టి, కోర్టు కాగితాల కట్ట గోపాల్ చేతిలో పెట్టాడు. ఎదురింటివాళ్ళు కుక్కని పట్టుకుని అక్కడే నిలబడిపోయారు. కోర్టు కేసు పడ్డవాళ్ళకి ఈ ఊళ్ళో ఇంకెవరూ ఇల్లివ్వరని గోపాల్‌కి తెలుసు.

రేణు ఆ కట్ట లాక్కుంది. ఈసారి వీసా భయం లేదు కాబోలు, సోఫా అంచున కూర్చుని ప్రతి పంక్తీ చదివింది. తన పేరు, గోపాల్ పేరు, ఇంటి అడ్రసు అన్నీ ఉన్నాయి. చిట్టచివర, ఈ ఇల్లు ఖాళీ చేయించడానికి ఓనర్లందరూ ఒప్పుకున్నట్టు ఒక కాగితం జతచేసి ఉంది.

దాని మీద మొట్టమొదటి సంతకం రేణుదే.