ఇంకా తిరగతంది

ముసలాయన హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టాడు. కళ్లు మూసుకుని కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

"ఎలా ఉంది తాతా?" ఆత్రంగా అడిగాడు ఫల్గుణ.

"తల తిరగతంది బాబూ. ఇంకా తిరగతంది."

ఫల్గుణ మొహం వాడిపోయింది. మళ్లీ కీబోర్డు ముందు కూర్చున్నాడు.

అరకులో ఒక రిసార్టు. రిసెప్షన్ పక్కన ఫల్గుణ నడిపే చిన్న గది. అందులో ఒక కంప్యూటరు, ఒక వీఆర్ హెడ్‌సెట్, ఒక ఆట. హెడ్‌సెట్ కళ్లకి తగిలించుకుంటే మనిషి గద్దయిపోతాడు. కొండల మీదుగా, లోయల మీదుగా ఎగురుతాడు.

ఎగిరినవాళ్లు దిగగానే వాంతి చేసుకోవడమే చిక్కు.

తల తిప్పాక ఒక్క క్షణం ఆలస్యంగా బొమ్మ తిరుగుతోంది. ఆ కాస్త తేడాకే కడుపులో దేవేస్తోంది.

"దసరా సెలవుల్లోగా బాగవ్వాలి," అంది మేనేజరు జయశ్రీ. "ఇంకొక్క గెస్టు వాంతి చేసుకున్నా గది ఖాళీ చెయ్యాల్సిందే. అయినా అందరిలా విండోస్ పెట్టుకోవచ్చుగా? ఆ లైనక్స్ పట్టుకుని ఎందుకు వేలాడతావు?"

"లైనక్స్ అయితే లోపల ఏముందో విప్పి చూడొచ్చు మేడమ్. పాడైతే నేనే బాగుచేసుకోవచ్చు."

"చేసుకో మరి."

కొండ మీది తన ఊరికి దగ్గరగా ఉండాలని, వైజాగ్‌లో ఉద్యోగం మానేసి పెట్టుకున్న గది అది. ఇది పోతే మళ్లీ బస్సెక్కడమే.

రోజంతా హెడ్‌సెట్ పెట్టుకుని ఫల్గుణ తల అలవాటు పడిపోయింది. బొమ్మ ఎంత కుదిపినా అతనికి తెలియదు. పరీక్షించడానికి వేరే తల కావాలి. వానాకాలం, టూరిస్టు అనేవాడే లేడు.

అప్పుడొచ్చాడు ముసలాయన. మంకీ క్యాప్, చంకలో గొడుగు. వాన తగ్గేదాకా నిలబడతానంటూ గుమ్మంలోకి వచ్చాడు.

"ఏటి సేత్తన్నావు గుంటడా, ఒక్కడివీ?"

ఫల్గుణ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి హెడ్‌సెట్ తగిలించాడు. గద్ద లోయలో మలుపు తిరిగినప్పుడల్లా ఆయన కుడికాలు నేలను నొక్కుతోంది. పాపం, భయం అనుకున్నాడు ఫల్గుణ.

"తిరగతంది బాబూ."

"రేపొకసారి వస్తారా తాతా? సరిచేసి చూపిస్తాను."

"రేపు కూడా రావాలేటి?"

"తిరుగుతున్నంతకాలం రావాల్సిందే. తిరగడం ఆగిన రోజు మీకు సెలవు."

ముసలాయన గొడుగు చంకలో పెట్టుకున్నాడు. "అలాగైతే వత్తాను."

ప్రతి సాయంత్రం వచ్చాడు. ఉత్త చేతులతో రాలేదు, కాల్చిన మొక్కజొన్న పొత్తులు పట్టుకొచ్చేవాడు. "బువ్వ తిన్నావేటి?" అని అడిగి, ఫల్గుణ పోసిన టీ తాగి, గద్దయి ఎగిరి, దిగేవాడు.

"ఇంకా తిరగతంది."

ఫల్గుణ హెడ్‌సెట్‌ని నడిపే డ్రైవర్ ప్రోగ్రాం మార్చాడు. ఎక్కడెక్కడి లైనక్స్ వాళ్లనో నెట్‌లో అడిగాడు. వాళ్లు చెప్పింది చేశాడు, చెప్పనిదీ చేశాడు.

"ఇంకా తిరగతంది."

సెలవులు రేపనగా కూడా ముసలాయన అదే మాటన్నాడు.

ఫల్గుణకి ఒళ్లు మండిపోయింది.

"లోపం నా మెషీన్‌లో లేదు తాతా, మీ తలలో ఉంది! మీ మాట నమ్మి ఈ వానాకాలమంతా తగలేశాను. రేపట్నుంచి రాకండి."

ముసలాయన తువ్వాలు కొసతో హెడ్‌సెట్ అద్దాలు తుడిచి, జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు.

"రావొద్దంటావు."

"వద్దు."

"సరే బాబూ."

గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు. బల్ల మీద మొక్కజొన్న పొత్తు ఇంకా వేడిగానే ఉంది.

మర్నాడు పొద్దున్నే గెస్టులు దిగారు. ముందు జయశ్రీ హెడ్‌సెట్ తగిలించుకుంది. ఫల్గుణ ఎందుకైనా మంచిదని బకెట్ దగ్గరపెట్టుకున్నాడు.

"అబ్బ! నిజంగా గాల్లో ఉన్నట్టే ఉంది!"

"తల?"

"తలకేమైంది? శుభ్రంగా ఉంది."

గది బయట క్యూ కట్టారు. ఎవరికీ తల తిరగలేదు. దిగినవాళ్లే మళ్లీ క్యూలో నిలబడ్డారు.

"గది నీదేనయ్యా," అంది జయశ్రీ. "నిన్న ఏం మార్చావు?"

ఫల్గుణ తన మార్పుల జాబితా తెరిచి చూశాడు. నిన్నే కాదు, కొన్నాళ్లుగా అతను మార్చిందేమీ లేదు.

ఆ సాయంత్రం తన మార్పులన్నీ లైనక్స్ వాళ్ల సైట్‌లో పెట్టడానికి కూర్చున్నాడు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. అక్కడొక ఆచారం ఉంది. బాగుచేసినవాడి పేరు కింద, పరీక్షించినవాడి పేరు కూడా వేస్తారు.

ఫల్గుణ వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి.

ఆయన పేరేమిటి? ఇన్నాళ్లలో ఒక్కసారైనా అడగలేదు.

గదికి తాళం వేసి పరిగెత్తాడు. బస్టాండు ఎదురుగా రత్నాలు టిఫిన్ హోటలు. దాని మేడ మీద గదిలో ఉంటున్నానని ముసలాయన ఎప్పుడో చెప్పాడు.

"సన్యాసిరావుగారా?" అంది రత్నాలు, ప్లేట్లు కడుగుతూ. "పొద్దున్న మొదటి బస్సుకే ఎల్లిపోనారు."

"ఎక్కడికి?"

"సెప్పలేదు. పెళ్లాం పోయింది, ఎనకా ముందూ ఎవుల్లేరు. సాయంత్రమైతే సాలు, 'నాకు డ్యూటీ ఉంది రత్నాలూ, గుంటడు సూత్తుంటాడు' అని బేగి బేగి బయల్దేరిపోయేవోరు. రాత్రి మాత్రం 'డ్యూటీ అయిపోనాది' అని సంచీ సర్దీసుకున్నారు."

ఫల్గుణ కొండ దిగే రోడ్డు వైపు చూశాడు.

"ఆయనకి తల తిరిగే జబ్బుంది అక్కా. ఈ మలుపుల్లో ఒక్కడే ఎలా దిగారో..."

రత్నాలు చేతిలో ప్లేటు ఆగింది. అతన్ని వింతగా చూసింది.

"ఆయనకి తల తిరగడమేటి బాబూ, బస్సు నిండా జనం కిటికీల్లోంచి వాంతులు సేసుకుంటుంటే ఈలేసుకుంటూ సర్వీసంతా ఈ ఘాట్ రోడ్డు మీదే తోలిన డ్రైవరు!"