విత్తనాల కుండ

పాత కథలను ఒక్కో పాఠకుడికి నచ్చేట్టు యంత్రం తిరగరాస్తుంది. వాటిని చదివి ఆమోదించడం నీలవేణి ఉద్యోగం. ఆమోదిస్తే అసలు కథ చెరిగిపోతుంది. ఆ ఉదయం ఒక కరువు కథ వచ్చింది. అసలు కథలో తల్లి విత్తనాలకు దాచిన జొన్నలు వండి పిల్లలకు పెట్టి, ఖాళీ కుండ ముందు కూలబడుతుంది. కొత్తదానిలో గుమ్మంలోకి బిర్యానీ వస్తుంది.

నీలవేణి ఆమోదం నొక్కకుండా చెయ్యి వెనక్కి తీసుకుంది.

"కానిచ్చెయ్యమ్మా, పొద్దున్నే ఏడుపులు ఎవరిక్కావాలి?" అన్నాడు పై అధికారి కోదండం.

"మా నాయనమ్మ అట్లనే వండింది సార్."

ఆ మాట యంత్రం విన్నది. క్షణంలో ఆమె కోసం మరో కథ తెరమీదికి వచ్చింది. అందులో నాయనమ్మే జొన్నలు వండుతూ, కన్నీళ్లతో తలెత్తి, "ఇప్పుడు నచ్చిందా బిడ్డా?" అని అడిగింది.

కోదండం చూస్తుండగానే నీలవేణి రెండింటినీ తిరస్కరించి, పాచిపోయిందేదో తిన్నట్టు నోరు పుక్కిలించడానికి లేచింది.